వెర్నా సంతకం

ఊరి అంబులెన్సు మళ్ళీ తెప్పించే పన్నుకు మద్దతుగా బజారులోని దుకాణదారులంతా సంతకాలు చేశారు. ఇనప సామాన్ల కొట్టు వెర్నా ఒక్కతే మిగిలింది.

ఒకప్పుడు ఆ అంబులెన్సు నడిపి, ఇప్పుడు ఆ సంతకాలు సేకరిస్తున్న డ్వైట్ ఆమె దగ్గరికి వెళ్ళడానికి వారం రోజులు వెనకాడాడు. కిందటిసారి ఈ పన్ను మీద ఊరంతా వేసిన ఓటింగులో పన్ను ఓడిపోయి, బండి తీసేశారు. ఆ చలికాలమే ఆమె భర్త కొట్లో కుప్పకూలాడు. పక్క కౌంటీ బండి వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది.

"మీకు మొహం చూపించలేక ఇన్నాళ్ళూ రాలేదండీ. ఆ రోజు నా బండి ఉండుంటే..."

"కూర్చో డ్వైట్, కాఫీ తాగు. ఒక్కదానికి ఎంత కాచుకోవాలో ఇంకా తెలియట్లేదు."

ఆమె కాగితం అందుకుని సంతకం పెట్టింది.

డ్వైట్ కళ్ళు చెమర్చాయి. "ఈ ఊరిని క్షమించారు. మీది పెద్ద మనసండీ."

"కిందటిసారి ఎన్ని ఓట్లతో ఓడిపోయింది?"

"రెండే రెండు."

వెర్నా అతని వైపు చూడలేదు.

"ఆయన పన్నుకే ఓటేస్తానన్నాడు. వ్యాపారం దెబ్బతింటుందని పోరుపెట్టి, మా రెండు ఓట్లూ వద్దనే వేయించింది నేనే."