భర్తగారి సంతకం

"ఇక్కడ భర్తగారి సంతకం ఉండాలమ్మా. ఖాళీగా వదిలేశారు," అంటూ దరఖాస్తు వెనక్కి జరిపాడు నికనోర్ యెవ్‌సేయిచ్.

ఆ చిన్న ఊరి పోలీసు కచేరీలో పాస్‌పోర్టుల అధికారి ఆయన. కసరడు, విసుక్కోడు, లంచం ముట్టడు. అలాంటివాడు దొరకడం తమ అదృష్టమని ఊరంతా చెప్పుకునేది. జారు చక్రవర్తి చట్టం ప్రకారం భర్త ఒప్పుకుంటేనే పెళ్ళయిన ఆడదానికి విడిగా పాస్‌పోర్టు ఇస్తారు. అది లేకుండా ఏ ఊళ్ళో తలదాచుకున్నా పోలీసులు పట్టుకొచ్చి మళ్ళీ భర్త ఇంటి గుమ్మంలోనే దింపి పోతారు.

"ఆయన పెట్టరండీ," అంది గ్లాఫిరా అర్కిపోవ్నా. "సరాతోవ్ పట్నం బడిలో నాకు పంతులమ్మ పని ఇచ్చారు. సోమవారానికి చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. మీ దగ్గరికి రావడం ఇది నాలుగోసారి."

"కొడతారా?"

"లేదు."

"తాగుతారా?"

"అదీ లేదు."

"తిండికి లోటా?"

"లేదండీ. ఆ ఇంట్లో నాకు ఊపిరాడదు. అంతే."

గుమాస్తాలెవరూ కాగితాల మీంచి తలెత్తలేదు.

"ఊపిరాడదని రాయడానికి దరఖాస్తులో చోటు లేదమ్మా," అన్నాడాయన శాంతంగా. "ఇంట్లో మంచిగా అడిగి చూడండి."

"పొద్దున టీ పోస్తూ అడిగాను. ఇలాంటివి కచేరీలో అడగాలి గానీ ఇంట్లో కాదన్నారు."

"అదీ సబబే. కానీ ఒప్పుకోలు ఇంటి వ్యవహారం. కచేరీ కల్పించుకోకూడదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంకెక్కడికి పోతుంది? పదిమంది ఉన్నారన్న సిగ్గు కూడా వదిలేసి గ్లాఫిరా మోకాళ్ళ మీద కూలబడింది.

"మీ కాళ్ళు పట్టుకుంటాను. నన్ను వదిలేయమనండి. లేకపోతే చచ్చిపోతాను!"

ఆయన జేబు గడియారం తీసి చూసి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

"లేవండి. ఇంకా జనం ఉన్నారు. చట్టం అందరికీ ఒకటే. నా సొంతవాళ్ళొచ్చినా ఇదే చెబుతాను."

దరఖాస్తు మీద 'తిరస్కరించడమైనది' అని గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాడు.

వసారాలో బల్ల మీద కూర్చున్న ఫ్యోక్లా ఇదంతా వింది. ఆమె ఇళ్ళలో బట్టలుతుకుతుంది. అప్పుడే చేతికొచ్చిన పాస్‌పోర్టుని తలగుడ్డ కొంగున ముడేసుకుంటూ, బయటికొచ్చిన గ్లాఫిరాని పిలిచింది.

"ఇట్టా కూకో తల్లీ. నా తాగుబోతు సచ్చినోడు ఒక్క వోడ్కా సీసాకి సంతకం బదులు సిలువ గీత గీసిచ్చాడు. నీ మొగుడెవరో గానీ ఉత్త బండరాయిలా ఉన్నాడే!"

"గట్టిగా ఒక్క మాట కూడా అనరు. నేను ఏడుస్తుంటే గడియారం చూస్తారు."

"అదేం మడిసమ్మా! ఈ దొరగారిని సూడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా? నాలాంటిదాన్ని కూడా 'అమ్మా' అని పిలిచి కూకోబెట్టాడు. ఇట్టాంటాయన్ని కట్టుకునుంటే నీకీ ఏడుపు ఉండేదా?"

గ్లాఫిరా చేతిలో కాగితం నలిగిపోయింది. తలుపు సందులోంచి నికనోర్ యెవ్‌సేయిచ్ శాంతమైన గొంతు ఇంకొకరి పేరు పిలిచింది.

"కట్టుకుంది ఆయన్నేనమ్మా."