స్టార్ కట్టిన పైపు

"ఆ పైపు ఎత్తకండి."

గేటు బయటి నుంచి ఎవరిదో గొంతు.

కామేశ్వరి మామిడిచెట్టుకు సీరియల్ బల్బులు చుట్టడం ఆపి వెనక్కి తిరిగింది.

నల్ల చొక్కా, నల్ల లుంగీ, మెడలో అయ్యప్ప మాల. కాళ్ళకు చెప్పుల్లేవు. నలభై ఏళ్ళుంటాయి. ఎప్పుడూ చూసిన మనిషి కాదు.

"ఏం కావాలి స్వామీ?"

"ఏమీ వద్దమ్మా. బస్సులోంచి చూసి దిగాను. ఆ పైపు ఎత్తొద్దని చెప్పండి."

చెట్టు కింద ఆమె భర్త శ్రీధర్, ట్రాక్టర్ డ్రైవర్ గంగరాజు పాత ఇనప బోరు పైపు చివర ఎర్రకాగితం స్టార్ కడుతున్నారు. రేపు క్రిస్మస్. కూతురు నిఖిత తన క్లాసు పిల్లలందరినీ తోటలోని తమ ఇంటికి పిలిచింది. విస్సన్నపేట రోడ్డు మీద పోయే ప్రతి బస్సుకూ తమ స్టార్ కనపడాలని దాని కోరిక.

శ్రీధర్ గేటు దగ్గరికి వచ్చాడు.

"ఏంటి స్వామీ సంగతి?"

"పైన కరెంటు తీగలున్నాయండి."

"తీగలు చెట్టుకి అవతల. మేం ఎత్తేది ఇవతల."

"ఎత్తేటప్పుడు ఎటు ఒరుగుద్దో చెప్పలేమండి. వెదురు కట్టుకోండి. కావాలంటే నేనే తెచ్చిస్తాను."

"వెదురు గాలికి వంగిపోద్ది." శ్రీధర్ నవ్వాడు. "నాకర్థమైందిలే స్వామీ. మాల వేసుకున్న మీకు మా ఇంట్లో స్టార్ చూసేసరికి మనసొప్పలేదు. మాకూ దేవుడి గది ఉంది. ఇది పిల్లల సరదా."

ఆ మనిషి చూపు పైపు పక్కన నిలబడ్డ నిఖిత మీదే ఉంది.

"పాప ఏం చదువుతోందమ్మా?"

"మీకెందుకు?" అంది కామేశ్వరి.

"తనని పైపు దగ్గర ఉంచకండి. లోపలికి పంపెయ్యండి."

పదకొండేళ్ళ ఆడపిల్లను ముక్కూమొహం తెలియని మగాడు అంతసేపు చూడటమేంటి? కామేశ్వరికి ఒళ్ళు మండింది. గేటు మూసి గడియ పెట్టింది.

"మా పిల్ల సంగతి మేం చూసుకుంటాం. మీరు వెళ్ళండి స్వామీ."

అతను రోడ్డు వైపు నడిచాడు.

కామేశ్వరి మళ్ళీ చెట్టు దగ్గరికి వచ్చింది. బల్బుల వరస ఒక పక్క జానెడు కిందికి దిగింది. విప్పి, సమంగా వచ్చేలా మళ్ళీ చుట్టింది.

పొద్దు వాలింది. ముందుగా పూసిన కొమ్మల నుంచి పూత వాసన వస్తోంది.

"ఇక ఎత్తుదాం. నిక్కీ, నువ్వు పైపు మొదలు పట్టుకో," అన్నాడు శ్రీధర్.

పైపు సగం లేచిందో లేదో, బల్బులన్నీ ఆరిపోయాయి. పక్క తోటలో మోటారు చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఇప్పుడే పోవాలా ఈ కరెంటు? ఆపకు గంగరాజూ, ఎత్తెయ్."

ఎత్తేశారు. మసకచీకట్లో ఆకుల మధ్య స్టార్ ఎక్కడుందో తెలియలేదు. గంగరాజు పైపును తాడుతో కొమ్మకు బిగించి, రోడ్డు వైపు చూశాడు.

"కరెంటు పోలేదండీ. తీసేశారు. అటు చూడండి."

ఆ తోటలన్నిటికీ లైన్ వెళ్ళేది రోడ్డు పక్క స్తంభం నుంచే. దాని స్విచ్ హ్యాండిల్ కిందికి లాగి ఉంది. దాన్ని పట్టుకుని నల్లబట్టల మనిషి.

"నేను వచ్చేదాకా వదలొద్దమ్మా," అని నిఖితతో చెప్పి శ్రీధర్ పరుగెత్తాడు. వెనకే గంగరాజు, కామేశ్వరి.

స్విచ్ తాళం రాయితో పగలగొట్టి ఉంది.

"వదులు," అన్నాడు శ్రీధర్.

"పైపు దించండి, వదుల్తాను."

"గవర్నమెంటు స్విచ్ మీద చెయ్యేస్తే జైల్లో వేస్తారు, తెలుసా?"

"తెలుసండి."

"మెడలో మాల ఉంది గనక బతికిపోయావు. లేకపోతే పళ్ళు రాలగొట్టేవాణ్ణి."

గంగరాజు అతని నడుం పట్టి లాగాడు. అతను హ్యాండిల్ వదల్లేదు.

"పాపని పక్కకి పంపారా అమ్మా?" అని కామేశ్వరిని అడిగాడు.

"ఇంకోసారి పాప మాటెత్తితే మర్యాద దక్కదు."

శ్రీధర్ ఫోన్ చేయడంతో లైన్‌మన్ సతీష్ బండి మీద వచ్చాడు.

"దొంగ దొరికాడు సతీష్. ముందు స్విచ్ వెయ్యి. పోలీసుల సంగతి తర్వాత చూద్దాం."

సతీష్ ఆ మనిషి మొహం మీద టార్చ్ వేశాడు. చూడగానే గబుక్కున వెలుగును తోట వైపు తిప్పాడు.

స్టార్ చెట్టు మీద లేదు.

కొమ్మకు కట్టిన తాడు జారి, పైపు అవతలికి ఒరిగి, నడిమి తీగ మీద వాలి ఉంది. ఎర్రకాగితం తీగల మధ్య రెపరెపలాడుతోంది.

టార్చ్ వెలుగు పైపు వెంట మెల్లగా కిందికి దిగింది.

పైపు మొదలు దగ్గర నిఖిత. రెండు చేతులతో దాన్ని వాటేసుకుని నిలబడి ఉంది.

"నాన్నా, ఒరిగిపోతోంది. చేతులు నొప్పెడుతున్నాయి. వదిలెయ్యనా?"



"వదిలేసి ఇటు వచ్చెయ్ తల్లీ," అన్నాడు సతీష్.

ఎలా పరుగెత్తిందో కామేశ్వరికి తెలియదు. కూతుర్ని గుండెకు అదుముకుంది. గంగరాజు, సతీష్ పైపును తీగల మీద నుంచి లాగి నేల మీద పడేశారు.

అది నేలకు తగిలిన చప్పుడు విన్నాకే ఆ మనిషి హ్యాండిల్ వదిలాడు. నూజివీడు వైపు పోతున్న ఆటోకు చెయ్యెత్తాడు.

"స్వామీ," అని కామేశ్వరి పిలిచేసరికి ఆటో మలుపు తిరిగింది.



"ఎవరు సతీష్ ఆయన?" అడిగింది కామేశ్వరి.

సతీష్ టార్చ్ ఆర్పేశాడు.

"రెడ్డిగూడెం సాయికుమార్ గారండి. మూడేళ్ళ కిందట వాళ్ళ పెరట్లో ఇలాగే స్టార్ ఎత్తారు. పైపు లేపింది ఆయన, మొదలు పట్టుకోమని నిలబెట్టింది వాళ్ళమ్మాయిని."