తాత రివాల్వర్‌కి తూటాలు

క్లిఫ్టన్ నా తుపాకుల కొట్టుకొచ్చి, కౌంటర్ మీద పాత రివాల్వర్ పెట్టాడు. నన్ను వదిలేసిన నోరీన్ కట్టుకున్నది ఇతన్నే. ఆ రివాల్వరూ మా తాతదే. మా పెళ్లినాడు నేనే ఆమెకిచ్చాను.

"ఎలుగుబంటైనా కూలిపోవాలి బాసూ! అన్నిటికన్నా ఘాటైనవి ఇవ్వు."

అంత పాతదానికి మందు తక్కువున్న తూటాలే పెట్టాలి. ఘాటైనవి పెడితే పేల్చినవాళ్ల చేతిలోనే పగులుతుంది. నా కడుపుమంట ఆ మాట చెప్పనివ్వలేదు. అడిగిన తూటాల పెట్టెనే ముందుకు తోశాను.

క్లిఫ్టన్ దాన్ని జేబులో వేసుకుంటూ నవ్వాడు. "నాకు పేల్చడం రాదులే. నేను గనికి పోతే ఇంట్లో ఒంటరిగా ఉండేది నోరీనే. ‘ఆయన ఏవిస్తే అవి కళ్లు మూసుకుని తెచ్చెయ్’ అంది."

"ఆ పెట్టె ఇలా తే," అన్నాను.