మ్యాట్ మీద వదిలేసిన బూట్లు

ఎండలు ముదిరి, ఉన్న కరెంటంతా ఏసీలకే చాలక, నిజామాబాద్ ఇండోర్ స్టేడియంలో లైట్లు వెయ్యడం మానేసి ఏళ్లయింది. కుస్తీ మసక చీకట్లోనే సాగుతుంది. ఇప్పటి కెమెరాలకు వెలుగుతో పనిలేదు, ఒంటి వేడి చాలు. వేడి ఎర్రగా, చల్లదనం నీలంగా పడుతుంది. నా ఫొటోల్లో మొహాలుండవు. నిప్పుకణికల్లాంటి రెండు ఒళ్లు పెనుగులాడుతుంటాయంతే.

"ఈ ఫొటోలల్ల ఎవరు ఎవరో కన్నతల్లయినా గుర్తువడ్తదా?" అని గేటు దగ్గర ఉండేవాళ్లు నవ్వుతారు.

నేను గుర్తుపడతాను. ఇక్కడ కుస్తీ పట్టే కావేరి, పట్టు వదిలాక కూడా ఎదుటి మనిషి నడుం మీద ఆమె వేళ్లు ఎర్రగా మిగిలిపోతాయి.

ఆ సాయంత్రం రాష్ట్ర జట్టు ఎంపికలో కావేరి మళ్లీ ఓడిపోయింది. మ్యాట్ మధ్యలో కూర్చుని బూట్లు విప్పి, అక్కడే వదిలేసి లేచింది. కుస్తీకి సెలవు చెప్పేవాళ్లు చేసే పని అది. మసకలో ఎవరూ గమనించలేదు. నేను గబగబా ఒక ఫొటో తీసి, గుమ్మం దగ్గర ఆమెను అందుకున్నాను.

"ఇగ బంద్ అక్కా. నాల ఏం మిగల్లే," అంది.

ఫొటో చూపించాను. నీలి మ్యాట్ మీద బూట్లు రెండూ ఎర్రగా మండుతున్నాయి.

"గింత ఎర్రగనా? నేను ఆడుతున్నప్పుడు తీసినవా?"

"కాదు. నువ్వు ఇడిచిపెట్టి వచ్చినంక."

చాలాసేపు చూసింది. తర్వాత మ్యాట్ వైపు వెనక్కి తిరిగింది.

నేను కెమెరా ఎత్తాను. నీలి నేల మీద వట్టి పాదాల గుర్తులు ఒక్కొక్కటే ఎర్రగా వెలుగుతూ బూట్ల వైపు సాగుతున్నాయి.