ఇంగ్లిష్ రూలు

కూతురి చదువు కోసం ఇంట్లో అందరూ ఇంగ్లిషే మాట్లాడాలని యమున రూలు పెట్టిన మొదటి రోజే, ఆమె భర్త భూపాల్ బొగ్గుబాయి నుంచి గంట ఆలస్యంగా వచ్చాడు.

గుమ్మంలో యమున పళ్ళు బిగబట్టి, "వెల్‌కమ్" అంది.

"థాంక్యూ" అన్నాడు భూపాల్ బెదురుగా.

కూతురు రిషిక ఎగిరి గంతేసింది. "డాడీ! టుడే నో తిట్లు!"

భూపాల్ మాత్రం గడప దాటలేదు.

"యమునా, గా రూలు జర పక్కకు పెట్టరాదు? నువ్వు తిట్టకుంటే బాయిల నుంచి పైకొచ్చినట్టే అనిపిస్తలేదు."

యమున కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఒక్క ఫోన్ చేస్తే చేతులు అరుగుతయా నీకు? గంటసేపటి సంది నా పానం ఆగమాగమైతాంది!"

భూపాల్ నవ్వుతూ ఇంట్లోకి వచ్చాడు.