డిప్పల్లోకి పోయిన తలలు

ఆ వాగు ఒడ్డున ఏం చూశారో చెప్పండి. వరసగా రాళ్లున్నాయంటారా? అవి రాళ్లు కావు, తాబేళ్లు.

కొండమీది చమురును కిందికి తీసుకుపోవడానికి నక్కలు గొట్టం వేసుకుంటూ వాగు దాకా వచ్చాయి. తరతరాలుగా తాబేళ్లు గుడ్లు పెట్టేది ఆ వాగు ఇసుకలోనే. అందుకే తాబేలవ్వ తనవాళ్లందరినీ తెచ్చి గొట్టానికి అడ్డంగా కూర్చోబెట్టింది.

"ఒక్క చుక్క కూడా కారదవ్వా, నా మాట నమ్ము," అంది పెద్దనక్క.

"అయితే మీ గుహలోంచే వేసుకోండ్రా, మేమూ చూస్తాం!"

పెద్దనక్కకు ఒళ్లు మండి గట్టిగా ఊళ వేసింది. అంతే, పుట్టుకతో వచ్చిన అలవాటు కొద్దీ తాబేళ్లన్నీ తలలు డిప్పల్లోకి లాక్కున్నాయి. అవ్వ ఒక్కతే మెడ చాచి కూర్చుంది. నక్కలు రాళ్లు ఏరినట్టు ఒక్కొక్కదాన్నే ఎత్తి పక్కన పడేశాయి.

"తలలు బయటికి తియ్యండే! ఆ గుడ్లు మనవేనే!" అవ్వ గొంతు పోయేలా అరిచింది. ఒక్క తలా బయటికి రాలేదు.

చివరికి అవ్వనూ వెల్లకిలా తిరగేసి, ఆమె మీదుగానే గొట్టం అతికించి చమురు వదిలాయి. కాళ్లు గాలిలో కొట్టుకుంటుంటే అవ్వకు గొట్టం అతుకు కనిపించింది. అక్కడ నల్లటి చుక్క ఒకటి ఉబ్బుతోంది. అది చూసినది తనొక్కతే. ఎవరికి చెప్పాలో తెలియక అవతలి గట్టు వైపు మెడ తిప్పింది.

అక్కడ మీరున్నారు. తాబేళ్లకైతే డిప్పలున్నాయి. మీరు ఏ డిప్ప ఉందని తల దాచుకున్నారు?