ఎల్ బోర్డు లేని గేనర్

"ఎల్ బోర్డేదమ్మా?" అన్నాడు కుర్ర పోలీసు, మోపెడ్ చుట్టూ ఒక ప్రదక్షిణం పూర్తిచేసి.

గేనర్ హెల్మెట్ తియ్యలేదు. చేపల షెడ్డు గేటు ఇంకా పది గజాల దూరం. ఆరింటి షిఫ్టుకి వచ్చినవాళ్ళంతా తెల్ల రబ్బరు బూట్లతో, టీ కప్పులతో గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఇంగ్లండులోని ఈ గ్రిమ్స్‌బీ రేవులో పొద్దున్నే ఇంతకంటే మంచి వినోదం దొరకదు.

"నాకు బోర్డు అక్కర్లేదు బాబూ. కారు లైసెన్సుంది."

"కారు లైసెన్సు మీద మోపెడ్ నడపాలంటే ఒకరోజు శిక్షణ తీసుకున్న కాగితం ఉండాలి. ఉందా?"

"లేదు. అదీ అక్కర్లేదు."

"బోర్డూ అక్కర్లేదు, కాగితమూ అక్కర్లేదు! ఎందుకక్కర్లేదో కూడా మీరే చెప్పండి మరి. లేకపోతే ఈ బండి లారీ ఎక్కుతుంది."

ఎందుకో గేనర్‌కి బాగా తెలుసు. రెండువేల ఒకటి ఫిబ్రవరికి ముందు కారు పరీక్ష పాసైనవాళ్ళకి ఈ బోర్డులూ కాగితాలూ ఏవీ అక్కర్లేదు. ఆ ఒక్క ముక్క అంటే చాలు, పోలీసు నోరు మూతపడుతుంది. కానీ పదిహేడేళ్ళు నిండందే కారు పరీక్షకి ఎవర్నీ రానివ్వరు. గేనరేమో తన వయసు ముప్పైతొమ్మిదని ఊరంతా చాటుకుంది. ఆ లెక్కన రెండువేల ఒకటిలో ఆవిడ ఇంకా బడికెళ్ళే పిల్ల.

ఊరు నవ్వితే నవ్వనీ అనుకునేదే. కానీ సరిగ్గా అప్పుడే వెనక ఇంకో మోపెడ్ వచ్చి ఆగింది. దాని మీద ట్రెవర్ ఉన్నాడు. మార్చిలో షెడ్డులో ఐసు కొట్టే పనికి చేరాడు. తనకి నలభై అని చెప్పాడు. శనివారం డాన్సుకి వస్తావా అని నిన్ననే అడిగాడు. పదకొండేళ్ళలో గేనర్‌ని డాన్సుకి పిలిచినవాడు ఇతనొక్కడే.

"ఏమైంది గేనర్?" అన్నాడు ట్రెవర్ కంగారుగా. "బోర్డు గొడవా? నా బండి మీదిది ఒకటి ఇవ్వనా?"

"అదీ పద్ధతంటే!" అన్నాడు పోలీసు. "ముందొకటి, వెనకొకటి. ఆయన్ని చూసి నేర్చుకోండమ్మా. ఏదీ, ముందు లైసెన్సు ఇటివ్వండి."

ఇవ్వకపోతే మోపెడ్ పోతుంది. ఈ వేళకి బస్సుండదు, రోజూ మూడు మైళ్ళు నడక. ఇస్తే శనివారం పోతుంది. గేనర్ లైసెన్సు చాపింది, పుట్టిన తేదీ మీద బొటనవేలు గట్టిగా నొక్కిపెట్టి.

"వేలు తియ్యండమ్మా."

"చలికి బిగుసుకుపోయింది బాబూ."

"జూన్ నెలలోనా?"

చివరికి వేలు ఓడిపోయింది. కుర్రాడు కార్డు అటూ ఇటూ తిప్పి, ఏమీ తేల్చుకోలేక, భుజం మీది రేడియోలో ఆవిడ పేరూ నంబరూ చదివాడు. అవతల ఎవరో పెద్దావిడ. ఆ గొంతు సముద్రం మీది పడవలక్కూడా వినిపించేలా ఉంది.

"పంతొమ్మిదివందల తొంభైలో పాసైంది. రెండువేల ఒకటికి ముందువాళ్ళకి ఏ బోర్డూ అక్కర్లేదు నాయనా, నీకెవరూ చెప్పలేదా? పుట్టింది డెబ్బైరెండులో. వదిలెయ్ ఆవిణ్ణి."

చేపలు కోసే బల్ల దగ్గర రోజూ గేనర్ పక్కన నిలబడే షీలా, గేటు దగ్గర వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "యాభైరెండు!" అని అరిచింది. "ఏమే, పోయినేడు ముప్పైఎనిమిదో పుట్టినరోజని మాకు కేకు పెట్టావు కదే!"

గేటంతా గొల్లుమంది. బండి లారీ ఎక్కినా బాగుండేదని గేనర్‌కి ఒక్క క్షణం అనిపించింది. మరుక్షణం ఒళ్ళు మండింది. హెల్మెట్ తీసి, జుట్టు సర్దుకుని, గేటు వైపు తిరిగింది.

"అవునే, యాభైరెండే! ముప్పైనాలుగేళ్ళుగా రోడ్డు మీదున్నాను. ఒక్క జరిమానా లేదు, ఒక్క గీత పడలేదు. ఈ బాబు పుట్టకముందు నుంచీ నడుపుతున్నాను, ఈ బాబుకి తెలియని రూలు నాకు తెలుసు. మీలో ఎంతమందికి తెలుసో చెయ్యెత్తండి చూద్దాం!"

గేటు దగ్గర ఒక్క చెయ్యీ లేవలేదు. షీలాయే ముందుగా టీ కప్పు కింద పెట్టి చప్పట్లు మొదలెట్టింది, మిగతావాళ్ళు అందుకున్నారు. పోలీసు చెవులదాకా ఎర్రబడి, "క్షమించండి మేడమ్" అంటూ లైసెన్సు తిరిగిచ్చాడు. గేనర్‌కి భలే హాయిగా ఉంది. దాచిన పదమూడేళ్ళూ ఒక్కసారిగా దించేసుకుంది మరి.

ఆ హాయి ట్రెవర్ వైపు తిరిగేదాకానే. అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"శనివారం వద్దనుకుంటే నేనేమీ అనుకోను" అంది గేనర్, తల దించకుండానే.

అతను జవాబిచ్చేలోపే పోలీసు, పోయిన పరువులో కాస్తయినా రాబట్టుకుందామని అటు తిరిగాడు. "మీరు మాత్రం పద్ధతైన మనిషి సార్. మీ శిక్షణ కాగితం ఒక్కసారి చూపిస్తే నా దారిన నేను పోతాను."

ట్రెవర్ ఒక జేబు తడుముకున్నాడు. ఇంకో జేబు తడుముకున్నాడు. "లేదు" అన్నాడు.

"బోర్డులు పెట్టుకుని కాగితం లేదా! అయితే మీ బండి లారీ ఎక్కాల్సిందే."

ట్రెవర్ గేనర్ వంక చూశాడు. తర్వాత వంగి ముందు బోర్డు పీకాడు, వెనక బోర్డు పీకాడు, రెండూ తీసుకెళ్ళి పోలీసు చేతిలో పెట్టాడు.

"నాకూ ఇవి అక్కర్లేదు బాబూ, నేను పాసైంది ఎనభైఆరులో" అన్నాడు. "రేడియోలో నా పేరు కూడా అడుగు. కాకపోతే పుట్టిన సంవత్సరం దగ్గరికొచ్చేసరికి, ఆవిణ్ణి కాస్త గొంతు తగ్గించమను."